మెరిట్టూ, క్లార్క్ టెర్రీ ట్రంపెటూ

మొన్న ఒక మిత్రుడింట్లో భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట వచ్చింది. "మనం మెరిట్‌తో వచ్చాం గురూ. ఈ నల్లవాళ్ళలాగా ఎవర్నీ దేహీ అనలేదు." పదిమంది తలలూపారు. నేను ఊపలేదు గానీ, కాదనీ అనలేదు. గోంగూర కలుపుకుంటూ కూర్చున్నాను. అప్పుడు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

క్లార్క్ టెర్రీ అని ఒక జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు. 1920లో సెయింట్ లూయిస్‌లో ఒక పేద నల్లజాతి కుటుంబంలో, పదకొండుమంది పిల్లల్లో ఒకడిగా పుట్టాడు. ట్రంపెట్ కొనే స్తోమత లేక, పాత నీళ్ళగొట్టం ముక్కకి గరాటు తగిలించి ఊదాడు. 1948 నుంచి కౌంట్ బేసీ దగ్గర, 1951 నుంచి 1959 దాకా డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర వాయించాడు. జాజ్‌లో అంతకు మించిన కొలువుల్లేవు. కుర్రతనంలో మైల్స్ డేవిస్ ఆయన్ని చూసి నేర్చుకున్నాడు, క్విన్సీ జోన్స్ ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. మెరిట్ అంటే ఇంకేం కావాలి?

అయినా న్యూయార్క్ టీవీ స్టూడియోల జీతపు ఆర్కెస్ట్రాల్లో ఆయన రంగువాళ్ళకి చోటు లేదు. 1960లో ఎన్‌బీసీ ఆయన్ని తీసుకుంది, అదీ అర్బన్ లీగ్ అనే పౌరహక్కుల సంస్థ గట్టిగా నిలదీశాక. ఎన్‌బీసీలో తొలి నల్లజాతి స్టాఫ్ మ్యుజీషియన్‌గా ఆయన పేరే చెబుతారు. పెదవుల బలం ఆయనదే. తలుపు తట్టింది మాత్రం వేరేవాళ్ళు.

స్టూడియో వాద్యగాడి పని మన కన్సల్టెంట్ల పనిలాంటిదే. నొటేషన్ కాగితం ముందు పెడతారు, చూడగానే తప్పు లేకుండా వాయించాలి. పేరుండదు, చప్పట్లుండవు. అది కళని అమ్ముకోవడమనే శుద్ధ కళావాదులూ ఉన్నారు (వాళ్ళ ఇంటి అద్దె ఎవరు కడతారో నేనడగను). ఈయన 'టునైట్ షో' బ్యాండ్‌లో జీతం తీసుకుంటూనే 1964లో ఆస్కార్ పీటర్సన్‌తో కలిసి 'మంబుల్స్' రికార్డు చేశాడు. అర్థంలేని గొణుగుడే పాట! వింటే నవ్వాగదు. 1972లో ఆ షో కాలిఫోర్నియాకి తరలిపోతే ఈయన వెళ్ళలేదు.

ఇక మన సంగతి. 1946 చట్టం ప్రకారం మొత్తం భారతదేశానికి ఏడాదికి నూరు వీసాలు. నూరే! అప్పుడు మనవాళ్ళలో మెరిట్ లేకనా? ఆ గేటు తెరిచింది 1965 చట్టం, అది వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులో. "నేనొచ్చింది హెచ్-1 మీద కదా" అంటారు. మరి మనం ఏళ్ళ తరబడి లైన్లో నిలబడే ఆ గ్రీన్‌కార్డు ఏ చట్టం పునాది మీదది?

నా సంగతీ చెప్తాను. మాస్టర్స్ అయ్యాక నా రెజ్యూమె చాలా చోట్లకి వెళ్ళింది. ఫోనొచ్చింది మాత్రం మా కాలేజీ సీనియర్ ఫార్వర్డ్ చేసిన ఒక్క చోటు నుంచే. ఇంటర్వ్యూ నేనే పాసయ్యాను, నిజమే. ఆయన పంపకపోతే ఇంటర్వ్యూయే లేదు. దాన్ని మనం 'నెట్‌వర్కింగ్' అంటాం. అర్బన్ లీగ్ చేస్తే 'దేహీ' అంటాం.

టెర్రీ 2015లో పోయాడు. చివరి ఏళ్ళలో మధుమేహం కాళ్ళు తీసేసినా, జస్టిన్ కాఫ్లిన్ అనే అంధ పియానిస్టుకి మంచం మీంచే పాడి పాఠం చెప్పాడు. 2014లో వచ్చిన డాక్యుమెంటరీలో చూడొచ్చు.

వచ్చే నెల భోజనాలు మా ఇంట్లో. ఆ మిత్రుడూ వస్తాడు. ముందు 'మంబుల్స్' పెడతాను. ఈసారి మెరిట్ మాట నేనే ఎత్తుతాను.