మొక్క పుట్టిల్లు అడగకుండా నాటొద్దు

మూలికల కొట్టుకెళ్లి కోష్టు అడిగితే కొట్టతను ఘాటైన వాసన ఉన్న ఎండు వేరుముక్కలు తూచి ఇస్తాడు. దగ్గు, ఆయాసాలకు ఆయుర్వేద వైద్యులు వాడే మందుల్లోనూ, ధూపద్రవ్యాల్లోనూ ఈ వేరు పడుతుంది. వాడకం మన దగ్గరా ఉంది గానీ, ఆ మొక్క మన నేలది కాదు. దాని పుట్టిల్లు పడమటి హిమాలయాలు, ముఖ్యంగా కాశ్మీర్ కొండలు. అక్కడ దాన్ని కుఠ్ అంటారు. సముద్రమట్టానికి సుమారు 2,500 నుంచి 4,000 మీటర్ల ఎత్తున, తేమ ఉన్న కొండవాలుల్లో పెరుగుతుంది.

ఎక్కడి కాశ్మీర్, ఎక్కడి మన మెట్టచేలు, ఈ సంగతి మనకెందుకు అంటారేమో. అవసరం ఉంది. "హిమాలయ మూలికలు వేయండి, ధర బ్రహ్మాండం, పంట మేమే కొంటాం" అని ఎవరైనా అరచేతిలో వైకుంఠం చూపిస్తే నమ్మాలో లేదో తేల్చుకోవడానికి ఈ ఒక్క మొక్క కథ తెలిస్తే చాలు.

మొండిదే, కానీ తన చోటులోనే

కోష్టు సూర్యకాంతి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. మనిషెత్తు వరకు పెరుగుతుంది. ఎండాకాలం చివర ముదురు ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తుంది. చలి ముదిరేసరికి పైమొక్క ఎండిపోతుంది. నెలల తరబడి పైన మంచు పేరుకుని ఉన్నా లోపల వేరు బతికే ఉంటుంది. మంచు కరగ్గానే మళ్లీ చిగురిస్తుంది. ఇంత మొండి మొక్కకు మన నేల ఒక లెక్కా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

చలిని తట్టుకునే మొక్క ఎండను కూడా తట్టుకోవాలని ఏమీ లేదు. చలిలో ఆ వేరు నిద్రపోయినట్టు ఉంటుంది, దాచుకున్న ఆహారం చాలా తక్కువ ఖర్చవుతుంది. వేడి ఎక్కువైతే, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే, అదే వేరు దాచుకున్నదంతా ఖర్చు చేసుకుంటుంది. ఆపైన వెచ్చటి తడినేలలో కుళ్లు పట్టుకుంటుంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్ల లోపే. అలాంటప్పుడు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే అనంతపురం, మహబూబ్‌నగర్ చేలల్లో దీని గతేమిటో మీరే ఆలోచించండి.

ఇంకో మెలిక కూడా ఉంది. మన తడికొండల్లో తెల్లటి పూలు పూసే, అల్లం జాతికి దగ్గరైన ఒక మొక్కను కూడా చెంగల్వకోష్టు అంటారు. పేరు కలిసినా మొక్క వేరు, వేరులోని గుణం వేరు. పేరు చూసి నారు కొంటే ఒకటి నాటి ఇంకొకటి పండించినట్టవుతుంది.

తవ్వితే పోయినట్టే

తులసి ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోష్టులో సరుకు వేరే కాబట్టి తవ్వితే మొక్కే పోతుంది. సుమారు 2,000 ఏళ్ల కిందటే ఈ వేరు మన పడమటి తీరం నుంచి ఓడల్లో రోము సామ్రాజ్యానికి వెళ్లేది. తర్వాతి కాలంలో ధూపానికీ మందులకూ చైనా పెద్ద కొనుగోలుదారు అయింది. తవ్వకం మితిమీరి అడవిలో మొక్క కరువైంది. 1985లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో దీన్ని అన్నిటికన్నా కఠినమైన జాబితాలో చేర్చారు. మన వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణ ఆరు రకాల మొక్కలకు రక్షణ ఇచ్చింది. వాటిలో కోష్టు ఒకటి. మన కడప, తిరుపతి కొండల్లో పెరిగే బెడ్డోమ్ సైకస్ మరొకటి. కాబట్టి కొండమొక్క కరువైపోవడం హిమాలయాల వాళ్ల బాధ మాత్రమే అనుకోనక్కర్లేదు.

లాహౌల్ రైతు చెప్పే పాఠం

హిమాచల్ ప్రదేశ్‌లో రోహ్‌తంగ్ కనుమకు అవతల లాహౌల్ లోయ ఉంది. అక్కడివాళ్లూ మనలాంటి చిన్న కమతాల రైతులే. 1920 దశకంలో కాశ్మీర్ నుంచి తెచ్చి వాళ్లు కోష్టు సాగు మొదలుపెట్టారు. చలి సరిపోయింది, మంచు సరిపోయింది, మొక్క నిలిచింది, డబ్బూ వచ్చింది. అడవిలో తవ్వకుండా సరుకు దొరికే దారి కూడా ఏర్పడింది. ఇది మెచ్చుకోవలసిన విషయం.

అయితే వేరు చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా బజారు మారితే రైతు చేయగలిగిందేమీ ఉండదు. చైనా తన యున్నాన్ ప్రాంతంలో సొంతంగా కోష్టు పండించుకోవడం మొదలుపెట్టింది. లాహౌల్‌లో కోష్టు చేలు తగ్గిపోయి బంగాళదుంప, బఠాణీ పెరిగాయి. పుట్టింటి వాతావరణం ఉన్న చోటే ధర చేతిలో లేనప్పుడు, వాతావరణమే లేని మన దగ్గర ఆ సాహసం దేనికి? 2000 తర్వాత కొన్నేళ్లు సఫేద్ ముస్లి పేరిట సాగిన హడావుడి పాత రైతులు మరిచిపోయి ఉండరు.

ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

ఒకటి: ఈ మొక్క ఎక్కడిది? ఎంత ఎత్తున, ఎంత చలిలో పెరుగుతుంది? రెండు: మనలాంటి నేలలో పండించి, అమ్మి, డబ్బు కళ్లచూసిన రైతును చూపిస్తారా? చూపించేది నర్సరీ మడి అయితే ఒప్పుకోవద్దు. మూడు: కొంటామన్న మాట ధరతో, తేదీతో, కొనకపోతే ఇచ్చే పరిహారంతో సహా స్టాంపు కాగితం మీద రాసిస్తారా? నాలుగు: దీని సాగుకు, అమ్మకానికి చట్టంలో అనుమతులేమైనా కావాలా?

వీటికి సూటిగా జవాబు రాకపోతే చెయ్యి జేబులో పెట్టకండి. ఎకరంన్నర ఉన్న రైతు మూడేళ్లు ఎదురుచూసి మోసపోతే పోయేది ఒక పంట కాదు, ఆ ఇంటి తిండిగింజలు.

ఔషధ పంటలే వద్దని నేననడం లేదు. తేలిక నేలల్లో వర్షాధారంగా అశ్వగంధ ఉంది, నేలవేము ఉంది. ఇవి మన ఎండ తెలిసిన మొక్కలు. వీటికైనా కొనేవాడు ఖాయమయ్యాక పది సెంట్లలో వేసి చూడండి. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, మీ మండలంలో ఉద్యాన అధికారి ఉన్నారు. అడగడానికి మొహమాటం దేనికి?

ప్రభుత్వం కూడా ఒక పని చెయ్యాలి. కేంద్రంలో ఔషధ మొక్కల బోర్డు 2000లోనే ఏర్పడింది. ఏ మూలిక ఏ జిల్లాకు పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలుగులో ఒక్క పేజీ పట్టిక వేసి ప్రతి పంచాయతీ గోడకు అంటించాలి. పనికిరాని నారు అమ్మినవాడి మీద, నాసిరకం విత్తనం అమ్మినవాడి మీద పెట్టినట్టే కేసు పెట్టాలి. రైతు నష్టపోయాక విచారణ జరిపితే ఆ మూడేళ్లు తిరిగి రావు.