విశ్వవిద్యాలయమునకు తొలిమెట్టు

పదవ తరగతి ముగించిన పల్లెపిల్లలను విశ్వవిద్యాలయమే చేరదీసి, రెండేండ్లు ప్రీ యూనివర్సిటీ విద్య గరపి, పిదప నాలుగేండ్లు ఇంజనీరింగు నేర్పు పద్ధతి 2008వ సంవత్సరమున ఉమ్మడి రాష్ట్రమున నారంభమయ్యెను. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమువారు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలందు నెలకొల్పిన విద్యాలయములు ఇట్టివి. ప్రజలు వీనిని ట్రిపుల్ ఐటీలందురు. 2014లో బాసర తెలంగాణమునకు చెందినది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళములకును ఈ విద్య విస్తరించినది.

ఇది బొత్తిగా క్రొత్తపద్ధతి గాదు. పూర్వము ప్రీ యూనివర్సిటీ తరగతి విశ్వవిద్యాలయముల అధీనముననే యుండెడిది. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియట్ ప్రవేశపెట్టబడెను; 1971లో దానికి ప్రత్యేకమండలి యేర్పడెను. కాలక్రమమున ఆ రెండేండ్ల చదువు పెక్కుచోట్ల శిక్షణాలయముల వ్యాపారమైనది. ధనము గలవాని బిడ్డ విజయవాడకో హైదరాబాదునకో పోయి చదువుకొనును. లేనివాని బిడ్డకు త్రోవ యేది? ఆ ప్రశ్నకు సమాధానముగనే ఈ విద్యాలయములు పుట్టినవి.

లేపాక్షిని తలపుడు. వీరభద్రాలయమును, ఏకశిలానందిని చూచి మెచ్చి మరలిపోవు యాత్రికులకు, ఆ చుట్టుపట్ల మెట్టచేలు కానరావు. ఈ పీఠభూమిపై వాన నమ్మరానిది. వేరుసెనగ పండిననే రైతునకు చేయి తిరుగును. ఎండినయేడు కుటుంబములు బెంగుళూరునకు కూలికి తరలును. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిదైన ఈ మండలపు ప్రభుత్వ పాఠశాలలో చదువు బాలికకు, కదిరి, పులివెందుల దాటి ఇడుపులపాయ చేరుట యనగా ఒక తరము దాటుటయే.

ఆ ద్వారమునకు తాళపుచెవి మొదట పదవ తరగతి ఫలితమే. గ్రేడులున్న కాలమున, వసతిలేని ప్రభుత్వ పాఠశాలలందు చదివినవారి సగటునకు 0.4 చేర్చుచుండిరి. ఇది భిక్ష గాదు; ఎక్కువ బరువు మోసి వచ్చినవాని నడకను న్యాయముగ కొలుచుటయే. కోవిడ్ కారణమున పదవ తరగతి పరీక్షలు జరుగక, 2020, 2021 సంవత్సరములలో ఆంధ్రదేశమున ప్రవేశపరీక్ష పెట్టిరి. 2021లో బాసరకు పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షయే ఆధారమయ్యెను. 2022లో ఉభయరాష్ట్రములును మరల పదవ తరగతి ఫలితమునకే మరలినవి. ఆపత్కాలపు మార్పును తప్పుపట్టుట మా యుద్దేశము గాదు. ఆపద్ధర్మము నిత్యధర్మము కారాదనుటయే మా వాదము.

మార్కులును పరిశుద్ధమైన కొలబద్దలు గావని కొంద రనవచ్చును. నిజమే. గ్రేడుల కాలమున సగటు సమానమైనవా రెందరో యేర్పడగా, గణిత విజ్ఞానశాస్త్రముల గ్రేడులనుబట్టి తేల్చవలసివచ్చెను. అయినను పదవ తరగతి పరీక్ష రాష్ట్రమందలి ప్రతి పాఠశాలకును సామాన్యమైనది. దానికై బోధించు గురువు లేపాక్షిలోను గలడు. వేరొక ప్రవేశపరీక్ష పెట్టిననాడు దానికై వేరొక శిక్షణాలయము పట్టణమున వెలయును, పల్లెకు రాదు. ఏ వ్యాపారమునుండి బిడ్డలను తప్పింపనెంచితిమో, ఆ వ్యాపారమునే ముంగిట నిలిపినట్లగును.

కావున ప్రభుత్వములను మేము మూడు కోరుచున్నాము. ప్రవేశనియమములలో మార్పు చేయదలచినచో, విద్యార్థి తొమ్మిదవ తరగతిలో చేరుటకు ముందే ప్రకటింపవలెను. ప్రభుత్వ పాఠశాలలవారి కిచ్చు అదనపు గుణములను ఏ సాకునను తగ్గింపరాదు. చేరిన పిల్లలలో తెలుగున చదివివచ్చినవారికి తొలి నెలలలో ఆంగ్లమును, గణితమును ప్రత్యేకముగ బోధింపవలెను. ద్వారము తెరచి, లోపల తడబడనిచ్చుట సగము న్యాయమే యగును.

మన కర్తవ్యమును గలదు. పల్లెలలోని భూవసతి గలవారు, పట్టణములలోని విద్యావంతులు, తమ యూరి పాఠశాలలో పదవ తరగతి చదువు పిల్లల కీ యవకాశమును తెలియజెప్పి, దరఖాస్తు వేయించి, ఆడపిల్లను దూరము పంపుటకు జంకు తల్లిదండ్రులకు ధైర్యము చెప్పవలెను. చెరువు పూడినచో ఊరెల్ల కలసి పూడిక తీయు దేశమిది. చదువు పారు కాలువను పూడిపోకుండ కాచుకొనుటయు ఊరిపనియే.