రంగులకు అర్థము చెప్పని పటము



గుంటూరు ప్రాంతమున నొక సంఘ కార్యాలయపు గోడమీద, ఉపగ్రహ చిత్రమునుండి చేసిన పొలముల పటమును ఇటీవల చూచితిని. మిరప చేలున్న దిక్కంతయు ఎఱ్ఱగా నుండెను. ఒకరు పండిన మిరపయనిరి. వేఱొకరు తెగులని తలచి, మఱుసటి యేడు మిరప మానుదమనిరి. విచారింపగా అది కోతలైన పిమ్మటి చిత్రము. ఎఱుపనగా నేలపై పచ్చదనము లేదనుటయే! ఆ మాట పటముపై నెచ్చటను లేదు.

ఇట్టి పటము గళ్ళ సముదాయము. 2015లో ఐరోపావారు పంపిన సెంటినెల్-2 ఉపగ్రహపు చిత్రములో సన్నని గడి పది మీటర్ల చదరము, అనగా సుమారు రెండున్నర సెంట్లు. ఎకరమునకు నలువది గళ్ళు. గడిలో నుండునది సంఖ్య. రంగు పటము చేసినవాడు వేసినది. సంఖ్య మారకయే రంగు మార్చవచ్చును. కావున ఏ రంగునకు ఏ యర్థమో తెలుపు సూచిక లేనిచో పటము మూగది.

క్యూ.జి.ఐ.యస్. అను ఉచిత సాఫ్ట్‌వేరులో సూచికను చేర్చుట సులభమే. కాని దానంతట వచ్చునవి పొర పేరు, బ్యాండు సంఖ్య, అంకెలు మాత్రమే. వానిని దిద్ది తెలుగున వ్రాయుట మనుష్యుని పని. కొలిచినదేమి, ఏ తేదీన, ఏ సంఖ్యకు ఏ రంగు, మేఘము కప్పిన గళ్ళేవి - ఈ నాలుగును ఉండవలయును.

రైతులకివి యేలయని కొందఱందురు. కాటా ముల్లు చూడక మిరప బస్తా నప్పగింపని రైతు, సూచిక చూడక పటము నేల నమ్మవలయును? సూచిక లేని పటమును గోడకెక్కింపరాదని ప్రతి సంఘమును తీర్మానింపవలెనని నా మనవి.