గుడారంలో మంచం ఉంటే తప్పేంటి?

"ఇది క్యాంపింగా? హోటల్ గదికి గుడ్డ చుట్టి డబ్బులు గుంజుతున్నారు" అన్నారు మా ఆయన గుడారంలోకి అడుగు పెడుతూనే. లోపల పెద్ద మంచం, తెల్లటి దుప్పట్లు, హీటరు, చిన్న ఫ్రిజ్, ఆనుకునే బాత్రూమ్. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే.

ఎందుకో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పుడు అసలైన క్యాంపింగ్‌కే వెళ్లాం. మూడు రోజుల ముందు నుంచీ పొడులు కొట్టడం, పులిహోర కలపడం, ఇడ్లీ పిండి డబ్బాలకెత్తడం నా పని. అక్కడికి వెళ్లాక పిండి ఐస్ పెట్టెలో ఒలికిపోయింది. పిల్లలు చేపలు పట్టారు, ఆయన నక్షత్రాలు చూశారు. నేను చిన్న గ్యాస్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, గాలికి మంట ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టాను. వంటిల్లు నాతోపాటే అడవికొచ్చింది. గోడలు మాత్రం రాలేదు.

అందుకే ఈసారి థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆర్కన్సా వెళ్దామనుకున్నప్పుడు, గ్లాంపింగ్ అయితేనే వస్తానని భీష్మించుకున్నాను. గ్లామరూ క్యాంపింగూ కలిపి చేసిన మాటట. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఏ సంధి అవుతుందా అని దారి పొడుగునా ఆలోచించాను. ఏ సూత్రానికీ లొంగలేదు.

మేం వెళ్లింది హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్కుకి. డాలస్ నుంచి అయిదు గంటల దారి. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారూ మాతోనే ఉన్నారు. ఆవిడ బదరీనాథ్‌లో తప్తకుండం స్నానం చేసొచ్చిన మనిషి. ఇక్కడా మూడు మునకలు వేయొచ్చని బ్యాగులో పొడి చీర కూడా పెట్టుకున్నారు. తీరా చూస్తే 47 ఊటల్లో చాలావాటికి ఆకుపచ్చ మూతలు, తాళాలు! నీళ్లు పాడవకుండానట. "గంగమ్మకి తాళమేమిటమ్మాయ్?" అని నొచ్చుకున్నారు. చివరికి కొండవాలున ఆవిరి కక్కుతూ బయటికి పారే చోట వేళ్లు ముంచి, కళ్లకద్దుకున్నారు. ఊట దగ్గర ఆ నీళ్లు దాదాపు 62 డిగ్రీల సెల్సియస్ వేడి. గంధకం వాసన ఉండదు. అగ్నిపర్వతం వేడీ కాదు. సుమారు 4,400 ఏళ్ల కిందట కురిసిన వాన భూమిలోకి నెమ్మదిగా దిగి, లోపల కాగి, రాతి పగుళ్లలోంచి త్వరగా పైకొస్తుందట. ఈ సంగతి చెబితే అత్తగారు "మరి ఇంకేం, పుణ్యతీర్థమే" అని తేల్చేశారు.

1832లోనే అమెరికా కాంగ్రెస్ ఈ ఊటలను అందరి కోసం కాపాడమని పక్కన పెట్టింది. నేషనల్ పార్కు అన్న పేరు మాత్రం 1921లో వచ్చింది. పాత స్నానశాలలు వీధి పొడుగునా వరసగా ఉన్నాయి. వాటిలో ఫోర్డైస్ అనేది 1915 నాటిది, ఇప్పుడు మ్యూజియంలా చూపిస్తున్నారు. మగవాళ్ల స్నానాల గదికి పైకప్పు నిండా రంగుల అద్దాలు, మధ్యలో విగ్రహంతో ఫౌంటెన్. ఆడవాళ్ల వైపుకి వెళ్తే చిన్నగా, సాదాసీదాగా ఉంది. మా అమ్మాయి "అంతేనా?" అంది. నేనేం మాట్లాడలేదు. ఇంకో సంగతి అంతకంటే గుచ్చుకుంది. ఆ వీధి స్నానశాలల్లో వచ్చినవాళ్లకి స్నానం చేయించిన పనివాళ్లు ఎక్కువగా నల్లజాతివాళ్లే. దశాబ్దాలపాటు అక్కడ స్నానం చేసే హక్కు మాత్రం వాళ్లకి లేదు.

ఆ మాట గుడారం దాకా నా వెంటే వచ్చింది. మర్నాడు పొద్దున్నే నా చేతులు వాటంతటవే దుప్పట్లు మడత పెడుతున్నాయి. "దానికే కదా డబ్బులిచ్చాం, వదిలెయ్" అన్నారాయన. ఆయన మాట తప్పు కాదు. కానీ కాసేపట్లో తోపుడు బండి మీద తువ్వాళ్లు వేసుకుని వచ్చినావిడకి నా వయసే ఉంటుంది. నా సుఖం ఎక్కడి నుంచో ఊడిపడలేదు, ఆవిడ నడుమ్మీదుగా వచ్చింది. అయినా నేను గ్లాంపింగ్ తప్పనను. ఆవిడ పనికి జీతముంది, పని గంటలున్నాయి. రెండేళ్ల కిందట పొయ్యి ముందు కూర్చున్న నాకు రెండూ లేవు. మంచం మీద దిండు కింద టిప్పు పెట్టి వచ్చాను, మా ఆయన ఇద్దామన్నదానికి రెట్టింపు.

నేల మీద పడుకుని, చలికి వణికితేనే ప్రకృతిని చూసినట్టని వాదించేవాళ్లు మా స్నేహితుల్లోనూ ఉన్నారు. వాళ్లని ఒక్కటే అడుగుతాను. ఆ వణుకుతున్న నలుగురికీ పొద్దున్నే కాఫీ ఎవరు కాచారు? ఆ పేరు చెప్పాక మాట్లాడుకుందాం.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఇంత పట్టుబట్టి వెళ్లిన నేను రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా కారులో పెట్టుకునే వెళ్లాను. మొదటి రాత్రి అన్నం వండింది కూడా నేనే. రెండో రోజు పొద్దున మాత్రం మెలకువ వచ్చినా లేవలేదు. కళ్లు మూసుకుని విన్నాను. మా అబ్బాయి ఉప్మా రవ్వ ఎక్కడుందని వాళ్ల నాన్నని అడిగాడు. ఆయనకి తెలియదు. "అమ్మని లేపనా?" అన్నాడు వాడు. "పడుకోనీరా" అన్నారు అత్తగారు.

ముందురోజు మా ఆయన రోడ్డు పక్క కుళాయి దగ్గర సీసాలు నింపి తెచ్చారు. అక్కడ ఆ ఊట నీళ్లు ఎవరైనా ఉచితంగా పట్టుకోవచ్చు. అత్తగారు ఆ నీళ్లతోనే కాఫీ కలిపించారు. డికాక్షన్ పలచన, పంచదార ఎక్కువ. మంచం మీద కూర్చునే తాగాను.