వాన తగులు చోటి గచ్చు



క్రొత్తగా నిల్లు కట్టించుకొనువారు మేస్త్రి చూపిన నమూనా పలకలలో నేది కంటికింపుగా నున్నదో దానినే కోరుచుందురు. ఆ పలకలు పొడిగా నుండును. మన కోస్తా జిల్లాలలో నన్ననో, జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనమును, అటుపిమ్మట డిసెంబరు వఱకు నీశాన్య ఋతుపవనమును వర్షించుచుండగా, మెట్లును పెరటి చప్టాయు నెన్నాళ్లు పొడిగా నుండునో మీకే తెలియును. కావున పలకపై చెంబెడు నీళ్లు పోయించి, వట్టి పాదములతో నిలిచి చూడవలెను. పాదము జాఱెనేని, రంగెంత సొంపుగా నున్నను దానిని వాన తగులు చోట వేయింపరాదు. తెల్లవాఱుజామున పెరటిలోనికి బోయిన అత్తగారు జాఱిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనుట యెన్ని యిండ్ల జరుగలేదు! నిండు గర్భిణియగు కోడలు తడిబట్టల బుట్టతో దిగునవియు నా మెట్లే.

రెడ్ ఆక్సైడు వేసిన యెఱ్ఱగచ్చు మనకందఱకు ప్రియమైనది. దానిపై దీర్చిన ముగ్గునకు వచ్చు శోభ మఱి దేనిపైనను రాదు. లోపలి గదులకు నదియే తగును. కాని తాపీతో రుద్ది రుద్ది తెచ్చిన యా నునుపే వాకిట తడిసినపుడు శత్రువగును.

వెలుపలికి చీపురుగీతల గచ్చు చౌక, క్షేమము. కాంక్రీటు కొంచెము బిగియుచుండగా గట్టి చీపురుతో సన్నని గీతలు దీయుదురు. చప్టామీద నీరు పాఱు వైపునకును, మెట్లమీద నడకకు అడ్డముగాను గీయింపుడు. పైపొరను బిగియకమున్నే కడిగి గులకరాళ్లు తేలునట్లు చేయు గచ్చు వాకిటి బాటకు మిక్కిలి యందము. అంట్లు తోము చోటికి మాత్రము వలదు. మెతుకులు సందులలో నిలుచును, తోముకొనవలసినది మనము గదా!

రాతిపలకలవలె అచ్చు వేసిన కాంక్రీటునందు నేడు మోజు మెండు. దాని మెఱుగంతయు పైన పూసిన పారదర్శకమైన పూతదే. ఆ పూత తడిలో జాఱును. క్రింద తేమ చిక్కెనా, తెల్లబడి పొరలుగా లేచును. కొన్ని యేండ్ల కొకసారి మరల పూయవలెను. మెఱుపు లేకున్నను సరే యనుకొన్నచో, లోనికింకి పైన పొర కట్టని సిలేను, సిలాక్సేను జాతి పూతలు వానదేశమునకు మేలు.

రంగులలో ఐరన్ ఆక్సైడు రంగులు ఎండకు వెలియవు. సిమెంటు బరువులో పదవవంతు మించరాదు. సిమెంటులోని సున్నము నీటితో పైకి వచ్చి బొగ్గుపులుసు వాయువుతో గలిసి తెల్లని పొరయగును. ముదురు రంగుపై నది కొట్టవచ్చినట్లు కనబడును. ఇసుకవన్నె దానిని కప్పిపుచ్చును.

ఏ గచ్చైనను అడుగునకు పావంగుళము వాలు లేనిచో నీరు నిలిచి పాచి పట్టును. ఈ మాట పని మొదలిడక పూర్వమే మేస్త్రితో ననవలెను; పిమ్మట దిద్దుట దుర్లభము. సంక్రాంతి వెళ్లినపిమ్మట పని పెట్టుకొనుట మంచిది. పచ్చికాంక్రీటుపై వాన పడెనా సిమెంటు కొట్టుకొనిపోవును. తడిపైన పొడిసిమెంటు చల్లి సర్దుదు మందురు, ఒప్పుకొనకుడు, అది పెచ్చులూడును. గట్టిపడినపిమ్మట కనీసము 7 దినములు తడిగా నుంచవలెను.

పాచి పట్టినచో గట్టి కుంచెతో తోమి కడుగుడు. యాసిడు పోయించకుడు, అది పాచితోబాటు సిమెంటును గూడ తినివేయును.