దారి మధ్యలో ఒక ఊరు

జార్జియా నుంచి మెయిన్ దాకా, అమెరికా తూర్పు కొండల్లో 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ ట్రయల్ అనే కాలిబాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. ఒకే విడతలో నడిచేవారికి అయిదారు నెలలు పడుతుంది. ఏ రోజు ఏ ఊరో ఇంటి దగ్గరే పట్టిక గీసుకుని బయల్దేరతారు. బొబ్బలెక్కిన పాదమో, తెగిన బూటో, ముసురు పట్టిన వానో ఆ పట్టికను చెరిపేసి మనిషిని కొండ దింపుతుంది.

నార్త్ కరోలినాలోని హాట్ స్ప్రింగ్స్‌లో దిగే పనీ లేదు. బాట ఊరి పెద్దవీధిలోంచే పోతుంది. వేడినీళ్ల స్నానం, పోస్టాఫీసులో ఆగి ఉన్న పార్సిల్, కడుపారా తిండి. ఒక్క మైలూ నడవని అలాంటి రోజును వాళ్లు ‘జీరో’ అంటారు. నాకు శిఖరాల వర్ణన కన్నా ఈ సున్నా రోజుల ముచ్చట్లే ఇష్టం. శిఖరం గురించి అందరూ ఒకేలా రాస్తారు. ఉన్న బట్టలన్నీ లాండ్రీ మెషిన్లో వేసి, వానకోటు ఒక్కటే కప్పుకుని కూర్చున్నవాడు మాత్రం పక్కవాడితో మాట కలపక తప్పదు.

ఊళ్లకూ ఈ బాటసారులు కావాలి. వర్జీనియాలోని డమాస్కస్ 1987 నుంచి మే నెలలో వాళ్లకోసం తిరునాళ్లలాంటి ‘ట్రయల్ డేస్’ జరుపుతోంది. అనుకోకుండా ఆగిపోవడం ఊళ్లకూ తప్పదు: 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వరద ఈ రెండు ఊళ్లనూ ముంచెత్తింది.

ఈ సంచిక నిండా అనుకోకుండా ఆగినవారి కథలే. శిఖరాల ఫొటోలు కావాలంటే వచ్చే నెల చూద్దాం.