దుమ్ము మీద కుంచెగీతలు

ఐదేళ్ళపాటు మా ముందుగది గోడమీద ఒక గుర్రపురౌతు ఉండేవాడు. 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు గల కాన్వాసు. పడమటి ఎండ, ఎర్రటి దుమ్ము, కళ్ళమీదికి వాలిన టోపీ, చేతిలో చుట్టిన తాడు. చూసినవారందరూ మెచ్చుకున్నారు. గత నెలలో దాన్ని దించి, బట్టల అలమరలో మొహం గోడవైపుకు తిప్పి పెట్టాను. నలుగురూ మెచ్చిన వస్తువును ఎందుకు దించవలసి వచ్చిందో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను చిత్రకారుణ్ణి కాను. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి, అంతే. ఉండేది డల్లాసు దగ్గర. అక్కడినుంచి పడమరగా మూడు గంటలు కారు నడిపి అబిలీన్ దాటితే పశువుల క్షేత్రాలు. కౌబాయ్ అనగానే మన తరంవాళ్ళకు 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ టోపీ కళ్ళముందు మెదులుతుంది. అందులోని ఎడారి రాజస్థాన్‌దని తెలిశాక కూడా నా మనసులో పడమటి అమెరికా అంటే అదే. కాబట్టి, ఒక ఏప్రిల్ సాయంత్రం దూడలకు వాతలు వేసే దొడ్డి దగ్గర డెబ్బయ్యేళ్ళ ముసలాయన గుర్రంమీద దుమ్ములోంచి బయటికి వస్తూంటే, నా కళ్ళు ఆయన్ని కాక సినిమానే చూశాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి ఆ ఛాయాచిత్రాన్ని కంప్యూటర్లో వర్ణచిత్రంగా మార్చే ఫిల్టరు గుండా పంపాను. దుమ్ము పాయలుపాయలుగా రంగుముద్దలైంది. ముద్రించిన దుకాణంవారు ఇంకొక మెట్టు పైకెక్కారు. కాన్వాసుమీద ముద్రణ అయ్యాక పారదర్శకమైన జెల్‌ను కుంచెతో అడ్డదిడ్డంగా పూసి ఆరబెట్టారు. పక్కనుంచి వెలుతురు పడితే నిజంగా ఎవరో తైలవర్ణాలతో వేసినట్టే గీతలు లేచి కనబడతాయి. దానికి విడిగా రుసుము. నేను సంతోషంగానే చెల్లించాను సుమా!

ఒకసారి భోజనానికి వచ్చిన మిత్రుడు దానిముందు చాలాసేపు నిలబడి, “ఎవరు వేశారండీ ఇది?” అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు అబద్ధమేనని అప్పుడే తెలుసు.

అసలు దెబ్బ తరువాతి ఏడు తగిలింది. అదే చిత్రాన్ని చిన్నగా ముద్రించి ఆ పెద్దాయనకు తీసుకుపోయి ఇచ్చాను. ఆయన టోపీ వెనక్కు తోసుకుని, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. “చాలా బాగుంది బాబూ. ఈ గుర్రం ఎవరిది?” అన్నాడు. మీదేనండీ అన్నాను. బొటనవేలు గుర్రం ఎడమ తొడమీద ఆనించి, “వాత లేదే?” అన్నాడు. ఎగతాళి చేయలేదు, నిజంగానే వెతుకుతున్నాడు. ఆ గుర్తు వెంట్రుకల రంగులో కరిగిపోయింది. అంత చిన్న వివరం ఫిల్టరుకు అక్కరలేదు మరి. టెక్సస్‌లో వాతగుర్తును కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించుకుంటారు. పశువు ఎవరిదో చెప్పేది అదే. నేను ఆయన చేతిలో పెట్టింది ఊరూ పేరూ లేని గుర్రాన్ని.

ఇలాగని వర్ణచిత్రంలా కనబడే ఛాయాచిత్రాలన్నీ మోసమని నేననను. ఆ దారి చాలా పాతది, అందులో నడిచినవారు గొప్పవారు. గర్ట్రూడ్ కేజబియర్ న్యూయార్కులో స్టూడియో నడిపిన ఛాయాచిత్రకారిణి, బాల్యం కొంత కొలరాడోలో గడిచింది. 1898లో బఫెలో బిల్ ప్రదర్శన బృందం నగరానికి వచ్చినప్పుడు అందులోని సూ తెగవారిని తన స్టూడియోకు పిలిచి చిత్రాలు తీసింది. ఆమె వాడిన పద్ధతుల్లో గమ్ ముద్రణ ఒకటి. మనకు పరాయిది కాని వస్తువుతోనే దాని పని: తుమ్మబంకలో రంగుపొడి, డైక్రోమేట్ లవణం కలిపి కాగితానికి పూస్తారు. నెగటివ్ మీదుగా వెలుగు సోకినచోట బంక గట్టిపడుతుంది, సోకనిచోట నీళ్ళలో కరిగిపోతుంది. తడిగా ఉండగానే కుంచెతో రంగును తేల్చవచ్చు, తుడవవచ్చు. అంటే అక్కడ కుంచె తాకేది బొమ్మనే. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో నిర్ణయించేది మనిషి. చెడిపోతే చెడిపోయేదీ అతని బొమ్మే. నా కాన్వాసుమీద జెల్ పూసిన కుంచె బొమ్మను తాకనే లేదు. గుర్రం మెడ ఒకవైపు వంగితే గీత ఇంకొకవైపు పోయింది. ఆ కుంచె పట్టినవాడు కింద ఉన్నది గుర్రమో గులాబిపువ్వో చూసుకోలేదు కాబోలు.

కేజబియర్‌కూ నా ముసలాయన వంటివాడు ఒకడు ఎదురయ్యాడు. ఐరన్ టెయిల్ అనే నాయకుణ్ణి ఈకల అలంకారమంతా తీసేయించి, ఉత్త మనిషిగా చిత్రించింది. ఆమె దృష్టికి అది కళ. ఆ చిత్రం చేతికిచ్చినప్పుడు ఆయన మరీ నల్లగా ఉందని చించేశాడట. పిమ్మట ఈకల కిరీటంతో ఇంకొకటి తీసిస్తే తృప్తిపడ్డాడు. కళ దృష్ట్యా మొదటిదే మేలని విమర్శకులు అనవచ్చు. నాకు మాత్రం, ఆయన చింపిన కాగితంలోనూ నా పెద్దాయన బొటనవేలిలోనూ ఒకే ప్రశ్న వినబడుతుంది.

ఎడ్వర్డ్ కర్టిస్ సంగతీ అంతే. 1907 నుంచి 1930 దాకా ‘ద నార్త్ అమెరికన్ ఇండియన్’ అని 20 సంపుటాలు వెలువరించినవాడు. ముగింపు పనిలో ఆయన్ని మించినవారు అరుదు. గాజుపలకమీద బొమ్మ ముద్రించి, వెనుక కంచుపొడి కలిపిన పూతపూసి, నీడల వెనుకనుంచి బంగారు వెలుగు చిమ్మేలా చేసిన ఆయన పలకలు చూస్తే ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేము. అక్కడ ఆ మెరుపు మెరుపే; ఇంకొకటిగా నటించడం లేదు. కాని 1910లో ఒక పీగన్ గుడారంలో తీసిన చిత్రంలో ఇద్దరు మనుషుల మధ్య ఒక గడియారం ఉండేది. పుస్తకంలో అచ్చైన ప్రతిలో అది లేదు. పాతకాలపు ఆదివాసి దగ్గర గడియారం ఉండకూడదని ఆయన కోరిక. బంగారుపూతను నేను నెత్తిన పెట్టుకుంటాను, గడియారాన్ని తీసేయడాన్ని క్షమించలేను. రెండూ ఒకే చేయి చేసిన పనులు.

నన్ను కదిలించిన ఇంకొక సంగతి ఫోర్ట్‌వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియంలో ఎదురైంది. ఫ్రెడరిక్ రెమింగ్టన్ 1889లో వేసిన ‘ఎ డ్యాష్ ఫర్ ద టింబర్’ అక్కడ ఉంది. నాలుగు కాళ్ళూ నేలను వదిలి గాలిలో ఉన్న గుర్రాలు అందులో కనబడతాయి. అంతకు 11 ఏళ్ళ ముందు, 1878లో, మైబ్రిడ్జ్ పాలో ఆల్టోలో పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో పట్టి, కాళ్ళు గాలిలో ఎలా ఉంటాయో లోకానికి చూపించాడు. అంటే కుంచె కెమెరా దగ్గర గుర్రం నడక నేర్చుకుంది. ఆ మ్యూజియంలోనే టెక్సస్‌కు చెందిన ఎర్విన్ స్మిత్ చిత్రాలు భద్రంగా ఉన్నాయి. శిల్పి కావాలని, చిత్రకారుడు కావాలని ఆయన ఆశ. వాటికి ఆధారంగా పనికొస్తాయని 1905 తరువాతి కొన్నేళ్ళు క్షేత్రాల్లో కాపరుల వెంట తిరిగి ఛాయాచిత్రాలు తీశాడు. ఇప్పుడు ఆయన పేరు నిలిపింది ఆ ఛాయాచిత్రాలే. ఆ గదుల్లోంచి ఇంటికొచ్చి నా జెల్ గీతలు చూడబుద్ధి కాలేదు. ముసలాయన మాట విన్నాక కూడా నాలుగేళ్ళు దాన్ని గోడమీదే ఉంచినవాణ్ణి, ఖరీదు పెట్టానుగదా అని!

సరే, మళ్ళీ ముద్రించాను. ఫిల్టరు లేని అసలు ఫైలుతో. దుమ్ములో ఒక రంగు ఇంకొక రంగులోకి అతి మెల్లగా జారుతుంది. 16 బిట్లలో పనిచేయకపోతే అది మెట్లుమెట్లుగా విరిగి కనబడుతుంది. కాగితం నూటికి నూరుపాళ్ళు పత్తితో చేసినది, మెరుపు లేనిది, తెలుపుకోసం రసాయనాలు కలపనిది. దాని తెలుపు దంతపు తెలుపు. దుమ్ములో అన్నిటికన్నా వెలుగున్నచోట సిరా దాదాపు పడదు. అక్కడ కనబడేది కాగితమే. నేను ఫిల్టరులో వెతికినది ఇదే కాబోలు. ఐతే ఈ కాగితంమీద నలుపు గాఢంగా రాదు. టోపీనీడలో కళ్ళు పూడిపోయాయి. నీడను కొంచెం తేర్చి, చిన్న చిన్న పట్టీలుగా తొమ్మిదిసార్లు అచ్చువేసి చూసుకుంటే పదోసారికి కళ్ళు తెరిచాడు. వాత కూడా కనబడుతోంది. దాన్ని ఎత్తి చూపలేదు, ఉన్నంతే ఉంచాను.

కొలత తగ్గించాను, 20 అంగుళాలకు. కాన్వాసును చట్రంచుట్టూ మడిచినప్పుడు ప్రతివైపూ అంగుళంన్నర బొమ్మ అంచులోకి పోయింది. వెనుక గిట్టలు ఐదేళ్ళుగా గోడకు ఆనుకుని ఉన్నాయని ఇప్పుడు గమనించాను. కాన్వాసుకు వార్నిష్ వేయడం తప్పు కాదు, మడతల దగ్గర సిరా లేచిపోకుండా అది కావాలి. నా ఫిర్యాదు కుంచెగీతల వేషంమీదే. కాగితానికి గాజు తగలకుండా మధ్య ఆమ్లంలేని అట్ట పెట్టాను. పైఅంచున రెండుచోట్ల జపాను కాగితపు ముక్కలతో, గోధుమగంజితో అతికించాను. మైదాజిగురుతో గోడలకు సినిమా పోస్టర్లు అంటించిన నేలలో పుట్టినవాణ్ణి, ఆ పని మాత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

రెండు ప్రతులు వేశాను. రెండోది వచ్చే ఏప్రిల్‌లో అబిలీన్ అవతలికి నా వెంట వస్తుంది. పెద్దాయన ఇంకా గుర్రమెక్కుతున్నాడని విన్నాను. పాత కాన్వాసును ఎవరికైనా ఇచ్చేయమంటుంది మా ఆవిడ. అడిగినవారు ఇద్దరున్నారు. ఇస్తూ ఏం చెప్పాలో తేలక ఇంకా అలమరలోనే ఉంచాను.